ఒకే గోదావరి, రెండు పద్దులు

కొవ్వూరు దగ్గర గోదావరి చాలా వెడల్పుగా పారుతుంది. ఈ గట్టున గోష్పాద క్షేత్రం, ఆ గట్టున రాజమండ్రి, మధ్యలో వంతెనలు. 1900లో మొదటి వంతెన మీద రైళ్లు నడిచాయి. 1974లో రోడ్డు కం రైలు బ్రిడ్జి వచ్చింది. పుష్కరాలకు వచ్చిన యాత్రికుణ్ణి ఈ నీళ్లు ఎక్కడివని అడిగితే నాసిక్ దగ్గరి త్రయంబకం పేరు చెబుతాడు. అది నిజమే. అయితే త్రయంబకం నుంచి బయల్దేరిన నీటితో పాటు బస్తర్ కొండల నీళ్లు ఇంద్రావతిగా, కోరాపుట్, మల్కనగిరి కొండల నీళ్లు శబరి, సీలేరులుగా వచ్చి కలుస్తాయి. కూనవరం దగ్గర శబరిని కలుపుకొని, పాపికొండల ఇరుకులో నుంచి దూరి, పోలవరం దగ్గర మైదానంలోకి దిగి, తాళ్లపూడి మీదుగా గోదావరి కొవ్వూరు చేరుతుంది. పోలవరం నుంచి కొవ్వూరుకు సుమారు 30 కిలోమీటర్లు. ఆ పైనంతా కోయల ఊళ్లు, కొండరెడ్ల ఊళ్లు. ఆ కిందంతా ధవళేశ్వరం, విజ్జేశ్వరం కాలువల కింది వరిచేలు.

అందుకే ప్రపంచ పర్యావరణ సమస్య గురించి మాట్లాడటానికి కొవ్వూరు మంచి చోటు. ఎగువన అడవి, దిగువన డెల్టా, ఆ దిగువన పొంగే సముద్రం. ఒకే నది మీద ఇద్దరు బతుకుతున్నారు. లాభాల పద్దు ఒకరి పేర రాసుకుని, నష్టాల పద్దు మరొకరి పేర రాయడం ఇక్కడ ఎలా మొదలైందో తెలిస్తే, ప్రపంచ దేశాల మధ్య నడుస్తున్న తగవు కూడా మనకు సులువుగా అర్థమవుతుంది.

స్టాక్‌హోంలో మన ఊసు

పర్యావరణం గురించి ప్రపంచ దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకున్న మొదటి పెద్ద సభ 1972 జూన్‌లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో జరిగింది. ఆతిథ్య దేశం ప్రధాని ఓలోఫ్ పాల్మే కాక, ఆ సభకు స్వయంగా వెళ్లిన ప్రభుత్వాధినేత ఇందిరాగాంధీ ఒక్కరే. పేదరికాన్ని పక్కన పెట్టి పర్యావరణం గురించి మాట్లాడటం కుదరదని ఆమె ధనిక దేశాలకు గట్టిగా చెప్పారు. ఆ ప్రసంగం పేద దేశాల గొంతుగా చరిత్రలో నిలిచింది.

అదే ప్రసంగంలో ఆదివాసీల ప్రస్తావన కూడా ఉంది. అడవుల్లోనూ అడవుల అంచునా బతికేవాళ్లకు పని, కొనుగోలు శక్తి కల్పించనంత కాలం తిండి కోసం వాళ్లు అడవిని వెతకడాన్ని, వేటాడటాన్ని, చెట్టూచేమా పాడు చేయడాన్ని ఆపలేమని ఆమె భావం. మన మీద జాలితో అన్న మాటే అది. అయినా గమనించండి. ప్రపంచం ముందు అడవి పాడవడానికి ఉదాహరణ చెప్పాల్సి వచ్చినప్పుడు ముందుగా గుర్తుకొచ్చింది మనమే. ఓడల కోసం, రైలు పట్టాల కోసం, కాగితం కోసం నూరేళ్లకు పైగా అడవిని నరికిన వాళ్లు ఆ ఉదాహరణలో లేరు.

ఇది ఒక్క నాయకురాలి పొరపాటు అని సరిపెట్టుకోలేం. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ ప్రభుత్వ కాగితాల్లో స్థిరపడిపోయిన అభిప్రాయం అది. ఆ అభిప్రాయం ఎలా పుట్టిందో గోదావరి కొండల చరిత్ర చెబుతుంది.

కల్లు మీద పన్ను, పోడు మీద ఆంక్ష

ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆ ఆనకట్ట నదికి అడ్డంగా నిలిచింది. కరువులూ ఉప్పెనలూ పీడించిన గోదావరి జిల్లా రూపం మారిపోయింది. నేడు ఆ కాలువల కింద సుమారు 10 లక్షల ఎకరాలు పండుతున్నాయి. డెల్టా రైతు కాటన్‌ను దేవుడిలా చూసుకోవడానికి కారణం ఉంది. దాన్ని మనం కాదనం.

అదే సమయంలో కంపెనీ వాళ్ల చూపు ఎగువకూ పాకింది. గోదావరిని పడవల దారిగా మార్చి మధ్య భారతం నుంచి పత్తిని సముద్రానికి దించాలని ఆలోచించారు. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. ఖర్చు పెరిగిపోయి, రైళ్లు వచ్చాక ఆ పథకాన్ని 1871లో వదిలేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం నేటికీ ఉంది. కొండల్లోని నదీ అడవీ బయటి అవసరాలకు పనికొచ్చే సరుకుగా లెక్కలోకి రావడం అప్పటికే మొదలైంది.

రంప కొండల్లో మనవాళ్లకు జీలుగు కల్లు, తాటి కల్లు తాగుడు సరదా మాత్రమే కాదు. గింజ లేని నెలల్లో అది ఆకలి తీర్చే ఆహారం. తరాలుగా ఎవరి చెట్టు కల్లు వాళ్లు పన్ను లేకుండా గీసుకున్నారు. 1870లలో కొత్త ఆబ్కారీ నిబంధనలు వచ్చాయి. ఇంటి అవసరానికి గీసుకునే కల్లుకూ 'చిగురు పన్ను' కట్టమన్నారు. ఆ వసూలు హక్కు రంప మన్సబుదారుకు దక్కింది. పోడు మీద ఆంక్షలూ బిగిశాయి. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు అప్పు పత్రాలు రాయించుకుని, మనకు అర్థం కాని కోర్టుల్లో డిక్రీలు తెచ్చి పశువులనూ భూములనూ పట్టుకుపోయారు. 1879 మార్చిలో రంప తిరగబడింది. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య ఆ పోరాటానికి నాయకులు. 1880 దాటే దాకా అది పూర్తిగా చల్లారలేదు.

తిరుగుబాటు అణిగాక వచ్చిన పెద్ద చట్టం 1882 మద్రాసు అటవీ చట్టం. రిజర్వు అడవి అనే గీత గీసి, ఆ గీత లోపల పోడు కొట్టడం, పశువులు మేపడం, కలప తెచ్చుకోవడం నేరమో లేక అధికారి దయ మీద ఆధారపడిన వెసులుబాటో అయ్యేలా చేసింది. నిన్నటి దాకా తాత కొట్టిన పోడు నేడు మనవడికి నేరమైంది. నలభై ఏళ్ల తరువాత, 1922లో, గూడెం కొండల్లో మళ్లీ అదే మంట రేగింది. పోడు మీద ఆంక్షలు, రోడ్ల పనిలో కూలి ఇవ్వని వెట్టి దానికి కారణాలు. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో గాం గంటన్నదొర, గాం మల్లుదొర వంటి మన వీరులు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడులు చేశారు. 1924 మే 7న రాజు మరణించాడు.

పాఠ్యపుస్తకాల్లో ఈ పోరాటాలు స్వాతంత్ర్య ఉద్యమం అధ్యాయంలో ఉంటాయి. అక్కడ ఉండాల్సిందే. వాటిని పర్యావరణ పాఠంలోనూ చేర్చాలి. చెట్టు మీద, నేల మీద, నీటి మీద నిర్ణయం ఎవరిది అనే ప్రశ్నే వాటికి మూలం.

కలప కిందికి పోయింది, నింద పైనే ఉండిపోయింది

రిజర్వు గీత లోపలి అడవి నరుకుడు ఆగిందా? ఆగలేదు. చేతులు మారాయి. టేకు, మద్ది, వేగి దుంగలు తెప్పలుగా కట్టి గోదావరిలో వదిలితే అవి రాజమండ్రి కలప అడితీలకు చేరేవి. వెదురు కూడా అలాగే దిగేది. తరువాతి కాలంలో ఆ వెదురు కాగితపు మిల్లుకు పోయింది. నరికింది మన చేతులే, కాని లాభం మనది కాదు. పాపికొండల కొండరెడ్ల మీద హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త రాసిన పుస్తకం 1945లో వచ్చింది. పోడు చేసుకుంటూ స్వతంత్రంగా బతికిన మనుషులు కలప వ్యాపారుల అప్పుల్లో చిక్కుకుని కూలీలుగా మారిన తీరు అందులో నమోదైంది.

ఇక్కడ పోడు గురించి నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. పాత పద్ధతిలో పోడు అంటే కొండను శాశ్వతంగా బోడి చేయడం కాదు. ఒక చెలకను రెండు మూడేళ్లు సాగు చేసి వదిలేస్తారు. ఏళ్ల తరబడి అది మళ్లీ అడవి అవుతుంది. కాల్చినప్పుడు గాలిలోకి పోయిన బొగ్గుపులుసు వాయువు చెట్లు తిరిగి పెరిగేటప్పుడు వెనక్కి వస్తుంది. జీలుగు, ఇప్ప, చింత, మామిడి వంటి చెట్లను పోడులోనూ నరకరు. సామ, కొర్ర, జొన్న, చోళ్లు, కంది, బొబ్బర్లు ఒకే చెలకలో కలిపి చల్లుతారు. ఒకటి పోయినా ఇంకొకటి చేతికొస్తుంది. మరి నేడు చాలా చోట్ల కొండలు బోడిగా కనిపించడం లేదా అంటే, కనిపిస్తున్నాయి. తిరిగే నేల తగ్గిపోయినప్పుడు వదిలేసిన చెలకకు కోలుకునే గడువు దొరకదు. రెండేళ్లకో మూడేళ్లకో మళ్లీ అదే చోట నిప్పు పెడితే కొండ మన్ను వాగులోకి జారుతుంది. ఇది నష్టమే, దాన్ని దాచక్కర్లేదు. కాని ఆ నేల ఎందుకు తగ్గిందని అడక్కుండా నిందను పోడు చేసేవాడి మీద మాత్రమే వేయడం సగం లెక్క చెప్పడమే. రిజర్వు గీత, వలస వచ్చిన గిరిజనేతరుల చేతికి పోయిన భూములు, ప్రాజెక్టులు తిన్న ఊళ్లు మిగతా సగంలో ఉన్నాయి.

ఆ భూములు పోతున్న సంగతి ప్రభుత్వాలకూ తెలుసు. 1917లోనే ఏజెన్సీ భూముల బదిలీ చట్టం వచ్చింది. తరువాత 1959లో ఒకటో నిబంధన, 1970లో దానికి సవరణ వచ్చాయి. మనం '1 ఆఫ్ 70' అని పిలుచుకునేది అదే. చట్టం ఉన్నా భూమి జారిపోతూనే వచ్చింది.

మునిగేది ఎవరు, పండేది ఎవరికి

పోలవరం దగ్గర పెద్ద ఆనకట్ట ఆలోచన 1940లలోనే ఉంది. అప్పుడు దానికి రామపాద సాగర్ అని పేరు. ఖర్చుకూ కష్టానికీ జడిసి పక్కన పెట్టారు. 1980లో గోదావరి జలాల ట్రిబ్యునల్ తీర్పు వచ్చాక మళ్లీ లేచింది. 2004 తరువాత పనులు ఊపందుకున్నాయి. 2014 రాష్ట్ర విభజన చట్టం దాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. ముంపు ప్రాంతం ఒకే రాష్ట్రంలో ఉండాలని ఆ ఏడాదే చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను, వాటితో పాటు భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లోని గ్రామాలను తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు.

ప్రాజెక్టు పూర్తి నీటి మట్టం 150 అడుగులు, అంటే 45.72 మీటర్లు. కొత్తగా 7 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు, 960 మెగావాట్ల జల విద్యుత్తు, విశాఖకు తాగునీరు, కృష్ణా డెల్టాకు మళ్లింపు దాని లక్ష్యాలు. మరో పద్దులో, అధికారిక లెక్క ప్రకారమే లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. అందులో దాదాపు సగం గిరిజన కుటుంబాలు. మూడు వేలకు పైగా హెక్టార్ల అడవి కూడా పోతుంది.

2008లో పాపికొండలను జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే. అడవి విలువైనది కాబట్టి అందులో పోడు కూడదు, వేట కూడదు అని ఒక ఉత్తర్వు చెబుతుంది. అదే కొండల పాదాల దగ్గర అడవిని ముంచడానికి మరో ఉత్తర్వు అనుమతిస్తుంది. కొండరెడ్డి కుటుంబం ఈ రెండు ఉత్తర్వుల మధ్యా నిలబడింది. ఒక చోట అడవిని కాపాడటం కోసం, మరో చోట అడవిని ముంచడం కోసం, రెండు సార్లూ పక్కకు జరగమన్నది దాన్నే.

పై కాఫర్ డ్యాం లేచాక 2019 నుంచి దేవీపట్నం మండలం ఊళ్లలోకి వరద నీరు కొత్త తీరుగా రావడం మొదలైంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు తాకింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంత నీరు ఎన్నడూ రాలేదు. కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల ఊళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద తలదాచుకున్నారు.

జల విద్యుత్తులో బొగ్గు మండదు కాబట్టి దాన్ని శుభ్రమైన విద్యుత్తు అంటారు. గాలి లెక్కలో అది నిజం. మునిగిన ఊరి లెక్క కూడా ఆ కాగితం మీదే రాసినప్పుడు కదా అది పూర్తి లెక్క అయ్యేది!

భూగోళం లెక్క

ఇప్పుడు మన నదిని దాటి ప్రపంచం వైపు చూద్దాం. యంత్రాల యుగం మొదలు కాక ముందు గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లలో సుమారు 280 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. భూమి సగటు వేడి అప్పటికన్నా ఒక డిగ్రీకి పైగా పెరిగింది. ఒక డిగ్రీ వేడెక్కిన గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. అందుకే వానలు లేని రోజులు పెరుగుతూనే, పడిన రోజున కుండపోత పడే ప్రమాదమూ పెరుగుతుంది. ఇప్ప పూత, మామిడి పూత, చింత కాపు అదును తప్పుతున్నాయని మన పెద్దవాళ్లు అనే మాటను ఈ నేపథ్యంలో వినాలి.

ఈ వాయువును ఎవరు నింపారు? అమెరికాలో సగటు మనిషి ఏడాదికి సుమారు 14 టన్నులు వదులుతాడు. భారతీయుడి సగటు 2 టన్నుల దాకా ఉంటుంది. ఆ సగటులోనూ నగరంలో ఏసీ గదిలో ఉండేవారు, గుట్ట మీద ఒక్క బల్బు వెలుగులో ఉండే కుటుంబం కలిసే ఉన్నారు. 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఢిల్లీ నుంచి ఒక చిన్న పుస్తకం తెచ్చారు. బతకడానికి వదిలే పొగనూ విలాసానికి వదిలే పొగనూ ఒకే తక్కెడలో వేయవద్దని అందులో వాదించారు. పేద రైతు వరిమడినీ ధనికుడి కారునూ సమానం చేయడం అన్యాయమన్నది ఆ వాదన.

1992లో బ్రెజిల్‌లోని రియోలో జరిగిన ధరిత్రీ సదస్సు ఈ న్యాయాన్ని ఒక సూత్రంగా ఒప్పుకుంది. భూమిని కాపాడే బాధ్యత అందరిదీ, అయితే అందరి వాటా ఒకటి కాదు. ఎక్కువ పాడు చేసిన, ఎక్కువ స్తోమత ఉన్న దేశం ఎక్కువ మోయాలి. 1997 క్యోటో ఒప్పందం, 2015 పారిస్ ఒప్పందం ఈ సూత్రం చుట్టూనే నడిచాయి. ప్రతి సభలోనూ మన దేశం ఈ సూత్రం కోసం గట్టిగా నిలబడింది. అది సరైన పని.

పారిస్ ఒప్పందం కింద మన దేశం ఇచ్చిన మాటల్లో ఒకటి మనకు నేరుగా తగిలేది. 2030 నాటికి అదనపు అడవులూ చెట్లూ పెంచి 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును పీల్చేలా చేస్తామని చెప్పింది. 2016లో ప్రత్యామ్నాయ అటవీకరణ నిధి చట్టం వచ్చింది. గనికో ప్రాజెక్టుకో అడవి పోతే, దానికి బదులు మరో చోట మొక్కలు నాటడానికి డబ్బు జమ చేస్తారు. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో కుదిరిన జీవవైవిధ్య ఒప్పందం 2030 నాటికి భూమిలో 30 శాతాన్ని రక్షిత ప్రాంతంగా ఉంచాలంటుంది. ఆదివాసీల హక్కులను గౌరవించాలని కూడా అదే ఒప్పందం చెబుతుంది.

ఈ మొక్కలు ఎక్కడ నాటుతారు? ఈ రక్షిత ప్రాంతం ఎక్కడ పెరుగుతుంది? కొవ్వూరు వరిచేలల్లో నాటరు. విశాఖ కార్ఖానాల ఆవరణలో చోటు లేదు. చూపు మళ్లీ కొండ మీదికే వస్తుంది. పట్టా లేని పోడు చెలకలోకి, పశువులు మేసే బీడులోకి టేకు మొక్కలో, నీలగిరి మొక్కలో వస్తాయి. ఇప్ప చెట్టూ అడ్డాకు తీగా ఉన్న అడవికీ, వరస తీసి నాటిన ఒకే జాతి తోటకూ కాగితం మీద ఒకటే లెక్క రావచ్చు. కడుపుకు మాత్రం ఒకటి కాదు.

రియో సూత్రం నదికీ వర్తించాలి

ఇక్కడే ఈ వ్యాసం చెప్పదలచిన అసలు మాట ఉంది. దేశాల మధ్య మనం అడిగే న్యాయాన్ని దేశం లోపల కూడా అడగాలి. ఎక్కువ వాడుకున్నవారు ఎక్కువ మోయాలన్న సూత్రం అమెరికాకూ భారత్‌కూ మధ్య న్యాయమైతే, మైదానానికీ కొండకూ మధ్య కూడా న్యాయమే. కాలువ నీళ్లు, కరెంటు, కలప, కాగితం వాడుకున్నవాళ్లు ఒక గట్టున, ఊరు వదిలినవాళ్లు మరో గట్టున ఉంటే ఆ పరిష్కారం పర్యావరణానికీ నిలబడదు. అడవిలో మనుషులు లేకుండా చేస్తే అడవికి కాపలా కూడా లేకుండా పోతుంది.

దీన్ని మైదానం మీద పగగా చదవకూడదు. డెల్టా రైతు కూడా ఈ వేడికి బాధితుడే. నది తెచ్చే ఒండ్రు ఎగువ ఆనకట్టల వెనకే ఆగిపోతే డెల్టా నేల కొత్త మన్ను లేక కుంగుతుంది. కాకినాడ దగ్గర ఉప్పాడ తీరాన్ని సముద్రం కోసుకుంటూ లోపలికి వస్తోంది. 1996 నవంబరు తుపాను కోనసీమను ఎలా తుడిచిపెట్టిందో అక్కడివాళ్లు మరిచిపోలేదు. ఎగువ కొండ మీద అడవి నిలిస్తే వాగులో నీరు వేసవి దాకా ఉంటుంది, కాలువలోకి వచ్చే పూడిక తగ్గుతుంది. కొండరెడ్డి అడవికీ కొవ్వూరు చేనుకూ ఉన్న చుట్టరికం ఇది. దిగువవాళ్లకు ఈ సంగతి చెప్పగలిగింది మనమే.

చేతిలో ఉన్న చట్టాలు

మన తరం 1879 నాటి తరంలా ఖాళీ చేతులతో లేదు. 1996లో పెసా చట్టం వచ్చింది, దాని నియమాలు మన రాష్ట్రంలో 2011లో వచ్చాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలని అది చెబుతుంది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పిన ఆ తీర్పు మన విశాఖ ఏజెన్సీలోని అనంతగిరి మండలం నుంచే పుట్టింది.

2006లో అటవీ హక్కుల గుర్తింపు చట్టం వచ్చింది. ఆదివాసీలకు చారిత్రక అన్యాయం జరిగిందని పార్లమెంటు ఆ చట్టంలోనే రాసింది. ఒక్కో కుటుంబం సాగులో ఉన్న భూమికి 4 హెక్టార్ల దాకా హక్కు పత్రం ఇచ్చే ఆ చట్టాన్ని మనం పోడు పట్టాల చట్టంగానే ఎక్కువగా చూస్తున్నాం. అందులో అంతకన్నా పెద్ద హక్కు ఇంకొకటి ఉంది. ఊరు తరాలుగా కాపాడుకొస్తున్న అడవి మొత్తం మీద సామూహిక అటవీ వనరుల హక్కు అది. దాన్ని రక్షించే, తిరిగి పెంచే, నిర్వహించే అధికారం గ్రామసభదే అవుతుంది. వెదురును కూడా చిన్నతరహా అటవీ ఫలసాయంగా ఆ చట్టం గుర్తించింది. ఒకప్పుడు తెప్పల మీద ఊరికే దిగిపోయిన వెదురు మీద నేడు ఊరికి హక్కు ఉంది.

పక్క రాష్ట్రంలో ఆ చట్టం ఏం చేసిందో చూడండి. ఒడిశాలోని నియమగిరి కొండ మీద బాక్సైట్ గని తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. డోంగ్రియా కోందులు, వాళ్ల పొరుగువాళ్లు 12 గ్రామసభల్లో కూర్చున్నారు. 12 సభలూ వద్దన్నాయి. ఆ కొండ నేటికీ నిలిచే ఉంది. లోకంలో ఏ పర్యావరణ సదస్సు చేసిన తీర్మానమైనా ఒక కొండ విషయంలో ఇంత స్పష్టంగా పనిచేయడం అరుదు.

చరిత్రే సాక్ష్యం

యువతకూ ఉపాధ్యాయ మిత్రులకూ చివరగా చెప్పేది పని గురించి. అటవీ హక్కుల చట్టం నియమాల్లో ఏవేవి సాక్ష్యంగా చెల్లుతాయో జాబితా ఉంది. గెజెట్లు, పాత పటాలు, జనాభా లెక్కలు అందులో ఉన్నాయి. వాటితో పాటు ఊరి పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలం, శ్మశానాలు, దేవతల గుళ్లు, పాత బావులు, వంశవృక్షం కూడా ఉన్నాయి. అంటే తాత చెప్పే కథ చట్టం ముందు చెల్లే కాగితం అవుతుంది. రాసి పెట్టుకుంటేనే అది జరుగుతుంది. చెప్పే తాత పోయాక ఆ సాక్ష్యం తిరిగి రాదు.

కాబట్టి బడి పిల్లలతో కలిసి ఊరి చరిత్ర రాయించండి. ఏ గుట్టకు ఏ పేరు, ఏ వాగు ఏ నెల దాకా పారేది, భూదేవి పండగ ఎక్కడ చేస్తారు, మామిడి కొత్త ఎప్పుడు చేసేవాళ్లు, ఏ చెలక ఎవరి తాత కొట్టాడు, ఊరు ఎన్ని సార్లు కదిలింది, ఎందుకు కదిలింది అన్నీ రాయండి. 1986 వరద ఏ గడప దాకా వచ్చిందో, 2022 వరద ఏ గోడ మీద మరక వదిలిందో కొలిచి తేదీతో సహా నమోదు చేయండి. రేపు ముంపు గీత ఎక్కడని వాదన వచ్చినప్పుడు ఆ కొలత పనికొస్తుంది. ఇంట్లో మిగిలిన సామ, కొర్ర, చోళ్ల విత్తనాలను సేకరించి పేర్లతో సహా రాసుకోండి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మోటు తిండి అని వెక్కిరించిన గింజలనే ఇప్పుడు ఎండను తట్టుకునే పంటలంటూ లోకం వెతుకుతోంది. ఆ విత్తనం మన అటకల మీద నుంచి కూడా మాయమైపోతే ఆ వెతుకులాటలో మనకు చోటు ఉండదు.

చదువుకున్న యువకులు గ్రామసభకు వెళ్లి కూర్చోండి. వ్యక్తిగత పట్టాకు 'ఎ' ఫారం, సామూహిక హక్కులకు 'బి' ఫారం, సామూహిక అటవీ వనరులకు 'సి' ఫారం. ఊరి సరిహద్దు నడిచి చూసి, పక్క ఊరి వాళ్లతో మాట తేల్చుకుని 'సి' ఫారం నింపడం ఒక్క వేసవి పని. తీర్మానం పుస్తకంలో ఏం రాశారో చదివాకే సంతకం పెట్టమని పెద్దలకు చెప్పండి. మొక్కలు నాటడానికి ఎవరు వచ్చినా ఏ మొక్క, ఎవరి నేల, ఎవరి ఫలసాయం అని ముందు గ్రామసభలో అడగండి.

కారం తమ్మన్నదొర కాలంలో మన పక్షాన రాసిన కాగితం లేదు. రంప గురించి నేడు మనం చదివేదంతా అణచడానికి వచ్చినవాళ్లు తమ అధికారులకు రాసుకున్న నివేదికల నుంచి వచ్చిందే. అందుకే ఆ కాగితాల్లో మనం దోపిడీదారులుగా, అడవిని తగలబెట్టేవాళ్లుగా కనిపిస్తాం. గోదావరి కొండల తరువాతి అధ్యాయం రాసేవాళ్లలో మన పిల్లలూ ఉంటే, నష్టాల పద్దు పక్కన ఎవరి పేరు రాయాలో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.